నవంబరు 1: గౌతమీ తీరాన ఒకే తేదీకి మూడు చరిత్రలు

రామచంద్రపురం నుండి ద్రాక్షారామం, ఇంజరం మీదుగా యానాం వెళ్ళడానికి బస్సులో గంట పైచిలుకు పడుతుంది. నవంబరు 1వ తేదీన ఈ ప్రయాణం చేసినవారు ఒక విశేషాన్ని గమనించి ఉంటారు. యానాంలో ఆ రోజు విమోచన దినం. ప్రభుత్వ కార్యాలయాల దగ్గర జెండా ఎగురవేస్తారు, పిల్లలు కవాతు చేస్తారు. ఇవతల మన వైపు అదే రోజు ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం. దాన్ని కొన్ని సంవత్సరాలు ఘనంగా జరిపారు, కొన్ని సంవత్సరాలు అసలు జరపలేదు. యానాంలోని సెయింట్ ఆన్స్ కేథలిక్ దేవాలయానికి వెళ్ళేవారికి అది సకల పరిశుద్ధుల పండుగ. చరిత్ర విద్యార్థికైతే ఇదే తేదీ 1858లో విక్టోరియా రాణి ప్రకటన వెలువడిన రోజు.

ఈ సంగతులు ఒకచోట చెప్పినప్పుడు విద్యార్థులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇన్ని సంఘటనలు ఒకే తేదీన జరగడంలో దేవుని ఉద్దేశం ఏమైనా ఉందా?" ఇది తేలికగా తీసివేయవలసిన ప్రశ్న కాదు. జాతీయ దినాలలో ప్రసంగించే కాపరులలో చాలామంది ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉన్నారు. తేదీ కలిసింది గనుక దేవుడు మాట్లాడాడు అనే పద్ధతి మన ప్రసంగాలలో బాగా అలవాటైంది. మేము ఈ వ్యాసంలో ఆ పద్ధతిని అంగీకరించడం లేదు. అయితే తేదీలను పట్టించుకోవద్దని కూడా చెప్పడం లేదు. ముందుగా ఆ మూడు సంఘటనలను మన డెల్టాలో నిలబడి చూద్దాం.

1858: ఒక వాగ్దానం

1857 తిరుగుబాటు అణచివేసిన తరువాత బ్రిటిషు పార్లమెంటు 1858 ఆగస్టులో ఒక చట్టం చేసి, ఈస్టిండియా కంపెనీ పాలనను రద్దుచేసి, దేశాన్ని రాణి పేరున స్వాధీనపరచుకుంది. ఆ మార్పును ప్రజలకు తెలియజేసే ప్రకటనను నవంబరు 1న అలహాబాదులో గవర్నర్ జనరల్ కేనింగు చదివించాడు. దేశంలోని ఇతర ముఖ్య పట్టణాలలో కూడా చదివారు, దేశభాషలలోకి అనువదించారు.

మత విషయంలో ఆ ప్రకటన చెప్పిన మాటల సారాంశం ఇది. రాణి తాను క్రైస్తవ సత్యాన్ని దృఢంగా నమ్ముతున్నట్లు ముందుగా చెప్పుకుంది. వెంటనే, ఆ నమ్మకాన్ని ప్రజల మీద రుద్దే హక్కుగాని కోరికగాని తనకు లేవన్నది. మతాన్నిబట్టి ఎవరికీ ప్రత్యేక మేలుగాని, ఇబ్బందిగాని కలుగకూడదని, అందరికీ చట్టం సమానంగా రక్షణ ఇవ్వాలని, అధికారులు ప్రజల ఆరాధనలలో జోక్యం చేసుకోరాదని ఆదేశించింది. అర్హత ఉన్నవారికి జాతి, మత భేదం లేకుండా ఉద్యోగాలు ఇస్తామని కూడా ఉంది.

అప్పటికి మన ప్రాంతంలో సువార్త పని చిన్నదే. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం చుట్టూ పని ప్రారంభించి ఇరవై ఏళ్ళు దాటింది. మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ 1841 నుండి, రాజమండ్రిలో లూథరన్లు 1845 నుండి ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి ఆరేళ్ళు. రామచంద్రపురం అప్పటికి రాజమండ్రి జిల్లాలోనిది. గోదావరి జిల్లా అనే పేరు మరుసటి సంవత్సరం వచ్చింది. కెనడియన్ బాప్టిస్టులు కాకినాడకు రావడానికి ఇంకా పదహారు సంవత్సరాలు ఉంది.

రాణి ప్రకటనను ఇంగ్లండులోని సువార్తిక వర్గాలు అంత సంతోషంగా స్వీకరించలేదు. ప్రభుత్వం తాను క్రైస్తవ ప్రభుత్వమని బాహాటంగా ఒప్పుకోవాలని, ప్రభుత్వ పాఠశాలల్లో బైబిలు బోధించాలని అప్పటికే వారు గట్టిగా కోరుతున్నారు. వారి దృష్టిలో తటస్థత అంటే భయపడి వెనుకకు తగ్గడమే. మేము వారితో ఏకీభవించలేకపోతున్నాం. పాలకుని అండతో వచ్చే విశ్వాసానికి మన గ్రామాలలో ఏ విలువ ఉండేదో ఊహించడం కష్టం కాదు. బౌడెన్, బీర్‌లు ఏ సొసైటీ జీతమూ లేకుండా నరసాపురంలో నిలబడ్డారు; వారి పని పెరగడానికి కలెక్టరు కచేరీ అండ అవసరం కాలేదు.

అయితే ఆ ప్రకటనలో ఇంకొక వాక్యభావం కూడా ఉంది. చట్టాలు చేసేటప్పుడు, వాటిని అమలుపరచేటప్పుడు ఈ దేశపు ప్రాచీన హక్కులను, ఆచారాలను తగినంతగా గౌరవిస్తామన్నారు. మన సంఘాల చరిత్ర చదివేవారు ఇక్కడ ఆగాలి. విశ్వాసాన్ని కాపాడతానన్న కాగితమే ఆచారాన్ని కూడా కాపాడతానన్నది. మాలపల్లెలో, మాదిగపల్లెలో బాప్తిస్మం పొందిన మనిషికి ఊరి బావి, ఊరి వీధి మూసివేసింది ఆచారమే కదా! మతం మారినవాడు వారసత్వ హక్కు కోల్పోకుండా 1850లోనే ఒక చట్టం వచ్చింది. కాని ఆస్తే లేనివాడికి ఆ చట్టంవల్ల ఏమి లాభం? ప్రకటన స్వయంగా చట్టం కాదు, వాగ్దానం మాత్రమే. తరువాతి కాలంలో జాతీయ కాంగ్రెసు తొలితరం నాయకులు ఆ వాగ్దానాన్ని చూపించి ఉద్యోగాలలో సమానత్వం అడిగారు. మన పల్లెల విశ్వాసులకు దాన్ని చూపించి అడగగలిగే స్థితి లేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. బ్రిటిషు ప్రజల హత్యలలో నేరుగా పాల్గొన్నవారు తప్ప, ఆయుధాలు విడిచి ఇంటికి తిరిగివచ్చే తిరుగుబాటుదారులకు ఆ ప్రకటన క్షమాభిక్ష ఇచ్చింది. అదే 1858లో పోలవరం వైపు కొండల్లో కంపెనీ మీద తిరగబడిన కారుకొండ సుబ్బారెడ్డిని ఉరితీశారు. అలహాబాదులో క్షమాపణ చదివే రోజు వచ్చేసరికి అది అతనికి అందే అవకాశమే లేకపోయింది.

1954: యానాం

ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ 18వ శతాబ్దం ఆరంభంలోనే బట్టల వ్యాపారానికి కొఠీ పెట్టింది. దాని పక్కనే యానాంలో ఫ్రెంచివారు 1720 దశకంలో దిగారు. గౌతమి నుండి కోరంగి పాయ చీలేచోట, ముప్ఫై చదరపు కిలోమీటర్లకు మించని ఆ చిన్న ముక్క, మధ్యమధ్య ఇంగ్లీషువారి చేతుల్లోకి వెళ్ళి వచ్చినా, 1954 వరకు ఫ్రాన్సుదే. మన తాతల కాలంలో యానాం అంటే వేరే చట్టం ఉన్న ఊరు. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చినప్పుడు, బ్రిటిషు ప్రాంతంలోని కుటుంబాలు పిల్లలను తీసుకొని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొని వచ్చేవారు. ఒక చట్టాన్ని దాటడానికి ఒక బల్లకట్టు ప్రయాణం సరిపోయేది. సరిహద్దు మనిషి మనస్సాక్షిని ఎలా పని చేయిస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నీతిశాస్త్రం తరగతిలో మాకు దొరకలేదు.

1947 తరువాత ఫ్రెంచి స్థావరాల విలీన ఉద్యమం సాగింది. చంద్రనగరు ముందుగా చేరింది. యానాంలో 1954 జూన్ 13న విలీనవాదులు పట్టణాన్ని స్వాధీనం చేసుకున్నారు. వారికి నాయకుడు యానాంలోనే పుట్టి, ఫ్రెంచి పోలీసులో పనిచేసి, ఆ పని వదలి ఉద్యమంలో చేరిన దడాల రఫేల్ రమణయ్య. పుదుచ్చేరి, కారైకాలు, మాహేల భవిష్యత్తు అప్పటికి చర్చల్లోనే ఉంది. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రతినిధి సభ సభ్యులు, పురపాలక సభ్యులు కలిసి 178 మంది సమావేశమయ్యారు. 170 మంది విలీనానికి, 8 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. మూడు రోజుల తరువాత ఢిల్లీలో ఒప్పందం కుదిరింది. నవంబరు 1న నాలుగు స్థావరాల పాలన భారతదేశానికి అప్పగించబడింది.

ఆ తేదీ ఫ్రాన్సులో సకల పరిశుద్ధుల పండుగ, సెలవు దినం. సరిగ్గా అదే రోజు, ఆ ముందు అర్ధరాత్రి మొదలుకొని, అల్జీరియాలో ఫ్రెంచి పాలన మీద సాయుధ దాడులు ప్రారంభమయ్యాయి. ఫ్రెంచివారు దాన్ని ఎర్ర సకల పరిశుద్ధుల దినం అని పిలిచారు. అక్కడ మొదలైన యుద్ధం 1962 వరకు సాగి లక్షలాది ప్రాణాలు తీసింది. అదే సామ్రాజ్యం, అదే పండుగ రోజు. పుదుచ్చేరిలో సంతకాలతో, జెండా మార్పుతో పని ముగిసింది. అల్జీరియాలో బాంబులతో మొదలైంది.

ఈ రెండింటికీ సంబంధం లేదనుకోవడం కూడా పొరపాటే. అయితే ఆ సంబంధం తేదీలో లేదు. భారతదేశంతో విలీన ఒడంబడిక మీద 1956 మే 28న సంతకాలయ్యాయి. దాన్ని ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించడానికి 1962 జూలై వరకు పట్టింది. అల్జీరియా రగులుతుండగా ఇంకొక భూభాగం వదలుకుంటున్నామని పార్లమెంటులో ఒప్పించడం ఏ ప్రభుత్వానికీ సులువు కాలేదు. అల్జీరియా స్వతంత్రమైన తరువాతనే, 1962 ఆగస్టు 16న, యానాం చట్టరీత్యా భారతదేశంలో భాగమైంది. అంటే ఎనిమిదేళ్ళపాటు యానాం ప్రజలు ఉన్నది భారత పాలనలో, చట్టం దృష్టిలో మాత్రం ఇంకా ఫ్రెంచి గడ్డ మీద. ఒడంబడిక ప్రకారం, కోరుకున్నవారు నిర్ణీత గడువులోగా వ్రాతపూర్వకంగా తెలియజేసి ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోవచ్చు. ఒకే కుటుంబంలో అన్న ఒక దేశపు పౌరుడు, తమ్ముడు ఇంకొక దేశపు పౌరుడు కావడానికి వీలు కలిగింది.

చాలాకాలం పుదుచ్చేరి ప్రభుత్వం ఆగస్టు 16నే ముఖ్యంగా గుర్తు చేసుకునేది. నవంబరు 1ని విమోచన దినంగా జరపడం 2014 నుండి వచ్చింది. ఈ సంగతి మన చర్చకు చాలా ముఖ్యం. సంఘటన 1954లో జరిగినా, ఆ తేదీ పండుగ కావడానికి అరవై ఏళ్ళు పట్టింది. తేదీని ఎన్నుకున్నది మనుషులు.

1956: భాషా రాష్ట్రం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. ఇది మన పాఠకులందరికీ తెలిసిన కథే గనుక వివరించం. ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత అక్కడి శాసనసభలో మూడింట రెండువంతుల మంది కోరితే కలపాలని సూచించిందని, ఆ సూచనను పక్కనపెట్టి 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారని మాత్రం గుర్తుచేస్తాం. కలిసిన రోజుననే విడిపోవడానికి కావలసిన వాదం కూడా కాగితం మీద ఉంది.

అదే రోజు కేరళ, కొత్త మైసూరు, కొత్త మధ్యప్రదేశ్ ఏర్పడ్డాయి. 1966లో ఇదే తేదీన హర్యానా, 2000లో ఛత్తీస్‌గఢ్ వచ్చాయి. ఇందులో రహస్యమేమీ లేదు. ఒకసారి అలవాటైన తేదీని ప్రభుత్వాలు మళ్ళీ వాడుకుంటాయి.

మాకు ఆసక్తి కలిగించేది యానాం సంగతి. భాష ప్రాతిపదికన రాష్ట్రాలు గీసిన ఆ రోజున, తెలుగు మాట్లాడే యానాం చుట్టూ ఉన్న తెలుగు రాష్ట్రంలో చేరలేదు. ఎన్నో వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరితోనే ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది. ఒడంబడిక వేరు, భాష వేరు. ఇంజరంవారికి, యానాంవారికి మధ్య ఉన్నది ఒక రోడ్డు మాత్రమే. రెండు వైపులా ఒకే భాషలో ప్రార్థిస్తారు, ఒకే కీర్తనలు పాడతారు.

సంఘాల పటం మాత్రం ప్రభుత్వ పటాన్ని ఎప్పుడూ అనుసరించలేదు. 1912లో అజరయ్య బిషప్పుగా ఏర్పడిన దోర్నకల్ డయోసిస్ నిజాము రాజ్యంలో ఉంది. తరువాత బ్రిటిషు కృష్ణా ప్రాంతం కూడా దానిలో చేరింది. అంటే తెలంగాణ విశ్వాసులు, కోస్తా విశ్వాసులు ఒకే డయోసిస్‌లో కూర్చోవడం రాష్ట్రం కంటే ముందే జరిగింది. మరోవైపు మన బాప్టిస్టు కన్వెన్షన్ పేరులో ఉత్తర సర్కారులు ఇంకా ఉన్నాయి. నిజాము 1766లో ఇంగ్లీషువారికి ఇచ్చిన ఆ సర్కారులు ఏ ప్రభుత్వ పటంలోనూ లేవు, సంఘం లెటర్‌హెడ్ మీద ఉన్నాయి! దీన్ని చూసి నవ్వేవారున్నారు. పాత పేరును అంత తేలికగా వదలనందుకు మాకైతే సంతోషమే.

కాని 1956లో సంఘం మౌనంగా ఉండిపోయిన విషయం ఒకటుంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితాను హిందూ మతానికి పరిమితం చేసింది. సిక్కులలో కొన్ని కులాలకే మినహాయింపు ఇచ్చింది. 1956లో చట్టాన్ని సవరించి సిక్కులందరికీ వర్తింపజేశారు. కొత్త రాష్ట్రాలకు తగినట్లు కులాల జాబితాలను తిరిగి వ్రాసిన ఉత్తర్వు అక్టోబరు 29న, రాష్ట్రావతరణకు మూడు రోజుల ముందు వెలువడింది. క్రైస్తవుల విషయంలో ఏమీ మారలేదు. బౌద్ధులను 1990లో చేర్చారు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవారికి 1970లో వెనుకబడిన తరగతుల సి గ్రూపు ఇచ్చారు, అంతే. 1858 నవంబరు 1న మతాన్నిబట్టి మేలుగాని కీడుగాని ఉండదన్నారు. 1956 నవంబరు 1న పుట్టిన రాష్ట్రంలో రామచంద్రపురం తాలూకా కూలివాని కులధ్రువపత్రం అతని మతాన్నిబట్టి మారిపోయింది. ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదవమని మేము విద్యార్థులకు చెబుతాం. తేదీ కలవడంవల్ల కాదు, విషయం కలవడంవల్ల.

తేదీలు దేవుని సంకేతాలా?

1755 నవంబరు 1న ఉదయం లిస్బన్ నగరంలో సకల పరిశుద్ధుల ఆరాధన జరుగుతుండగా భూకంపం వచ్చింది. దేవాలయాలు ఆరాధికుల మీద కూలాయి. సముద్రం పొంగింది. వెలిగించిన కొవ్వొత్తులనుండి కూడా మంటలు లేచి నగరం రోజుల తరబడి కాలింది. వేలాదిమంది మరణించారు. పండుగ రోజున, గుడిలో, ఎందుకు? యూరపు అంతా ఇదే ప్రశ్న. జాన్ వెస్లీ పశ్చాత్తాపానికి పిలుస్తూ కరపత్రం వ్రాశాడు. లిస్బన్‌లోనే మలగ్రిడా అనే జెజ్విట్ బోధకుడు ఇది దేవుని ఉగ్రతేనని, ఊరు తిరిగి కట్టుకోవడం కంటే పశ్చాత్తాపపడడం ముఖ్యమని ప్రకటించాడు. వోల్టేరు దేవుని సంకల్పం గురించిన సులభమైన మాటలన్నిటినీ ఎగతాళి చేశాడు. వెస్లీ మీద మాకెంతో గౌరవం ఉన్నా, ఈ విషయంలో లూకా 13:4లోని సిలోయము గోపురం మాట ముందు ఆయన కరపత్రం నిలువదని మా అభిప్రాయం. అక్కడ ప్రభువు పశ్చాత్తాపానికి పిలిచాడు, నిజమే. కాని గోపురం క్రింద పడినవారిని ఇతరులకంటే పాపులుగా లెక్కించడానికి ఒప్పుకోలేదు.

దూరపు లిస్బన్ ఎందుకు? 1996 నవంబరు 6 రాత్రి మన డెల్టా మీద తుపాను విరుచుకుపడి సుమారు వెయ్యిమంది చనిపోయారు, కోనసీమ కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ తరువాతి ఆదివారాలలో ఏ ఊరి పాపం ఏమిటో లెక్కలు చెప్పిన ప్రసంగాలు మేము విన్నాం. శవాలు ఇంకా దొరకని కుటుంబాలు ముందు వరుసలో కూర్చొని ఉన్నాయి.

ఇక లేఖనం ఏమంటుంది? మొదటి దేవాలయం తగలబడిన తేదీ విషయంలో 2 రాజులు 25:8 అయిదవ నెల ఏడవ దినమంటుంది. యిర్మీయా 52:12 పదవ దినమంటుంది. యూదుల సంప్రదాయం తొమ్మిదవ దినాన్ని, అంటే ఆబు నెల తొమ్మిదిని ఉపవాస దినంగా స్థిరపరచింది. అంతటితో ఆగలేదు. మిష్నా ప్రకారం ఆ ఒక్క దినాన అయిదు దుర్ఘటనలు జరిగాయి: అరణ్యంలోని తరం వాగ్దానదేశంలో ప్రవేశించదన్న తీర్పు, మొదటి దేవాలయ నాశనం, రెండవ దేవాలయ నాశనం, బేతారు పట్టణ పతనం, యెరూషలేమును దున్నివేయడం. రెండవ దేవాలయం కాలింది పదవ దినాన అని జోసీఫసు వ్రాశాడు.

ఇక్కడ తప్పు పట్టవలసింది ఎవరినీ కాదు. దుఃఖించే ప్రజలు తమ దుఃఖాలన్నిటినీ ఒక దినం క్రిందకు చేర్చుకున్నారు. ఆ దినం లేకపోతే అవి ఒక్కొక్కటిగా మరపున పడేవి. తేదీ కలిసింది గనుక వారు జ్ఞాపకం చేసుకోలేదు. జ్ఞాపకం చేసుకోవాలనుకున్నారు గనుక తేదీ కలిసింది. జెకర్యా 7:5లో ప్రవక్త ఆ అయిదవ నెల ఉపవాసం గురించి అడిగినప్పుడు తేదీ సరియైనదా అని అడగలేదు, ఎవరికోసం ఉపవాసం చేశారని అడిగాడు. దినాలను ఎంచే విషయంలో గలతీ 4:10లో పౌలు చేసిన హెచ్చరికను, రోమా 14:5లో ఆయన ఇచ్చిన స్వేచ్ఛను కూడా ఇక్కడ కలిపి చదువుకోవాలి. ఒకటి మాత్రమే చదివితే పౌలు సగమే దొరుకుతాడు.

నవంబరు 1 మన కళ్ళ ముందే ఎలా మారిందో చూడండి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత మిగిలిన రాష్ట్రంలో కొన్నేళ్ళు అవతరణ దినం లేదు; జూన్ 2న నవనిర్మాణ దీక్ష అన్నారు. 2019లో నవంబరు 1ని తిరిగి జరిపారు. ఇక రామచంద్రపురం 1925 నుండి తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. 1858 నుండి లెక్కపెడితే ఊరు ఒక్క అడుగు కదలకుండా చాలా చిరునామాలు మార్చుకుంది. ఇందులో ఏ మార్పుకూ ఊరివారిని నేరుగా ఓటు అడగలేదు. కీళూరులో కూడా ఓటు వేసినది 178 మంది.

అందుచేత నవంబరు మొదటి వారంలో మన సంఘాలలో ఏమి చేయవచ్చునని అడిగే కాపరులకు మేము ప్రసంగ పాఠం ఇవ్వడం లేదు. ఒక పని మాత్రం సూచిస్తున్నాం. నవంబరు 2న కేథలిక్కులు సమాధుల దగ్గరకు వెళ్తారు. బాప్టిస్టులకు, బ్రదరెన్‌కు ఆ పండుగ లేదు, కొత్తగా పెట్టమని అడగడం లేదు. అయితే నవంబరు 6 అదే వారంలో వస్తుంది. ఆ తుపానులో పోయిన సంఘ సభ్యుల పేర్లు ఉన్నచోట ఆ వారపు ఆరాధనలో వాటిని చదవవచ్చు. పాత మరణ రిజిస్టర్లు చాలా సంఘాలలో ఆ రాత్రే తడిసి, కొన్ని పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. వాటిలోని మనుషులను ఎరిగిన పెద్దలు ఇంకా కొందరున్నారు. వారిని పక్కన కూర్చోబెట్టుకొని ఆ పేజీలు ఈ సంవత్సరమే తిరగ వ్రాయించుకోవడం మంచిది.